సముద్రం లేని జిల్లాలో సైన్యాన్ని ఒడ్డుకు దింపాలంటే: కల్పిత ల్యాండింగ్ పటాలకు ఏ నేల, ఏ సాధనం, ఏ లెక్క?

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు భూగోళ శాస్త్రం బోధిస్తూ, జీఐఎస్ (కంప్యూటరులో పటాలను పొరలుగా పేర్చి లెక్కలు వేసే విధానం) ప్రయోగ తరగతిలో ఏటా ఒక కల్పిత సైనిక ల్యాండింగ్‌ను అభ్యాసంగా ఇస్తుంటాను. ఊహా సముద్రం మీదుగా వచ్చిన సేన ఏ ఒడ్డున దిగాలి, దిగాక ఏ దారిన లోపలికి కదలాలి, ఎదుటి పక్షానికి అది ఎక్కడి నుంచి కనబడుతుంది అనే మూడు ప్రశ్నలకు విద్యార్థులు పటాల ఆధారంగా సమాధానం చెప్పాలి. వాలు, నీటి లోతు, నేల స్వభావం, దారులు, కనుచూపు దూరం అంటూ విడివిడిగా చదివిన పాఠాలన్నీ ఒకే సమస్యలో కలిసే అభ్యాసం నాకు ఇంతకు మించి మరొకటి దొరకలేదు. ఈ మధ్య నవల రాసుకుంటున్నవారు, బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలు తయారు చేసే యువకులు, పట పఠనం నేర్చుకుంటున్న ఎన్‌సీసీ క్యాడెట్లు కూడా ఇదే పని మీద వచ్చి అడుగుతున్నారు.

అందరూ మొదట అడిగేది "సార్, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని. దానికి సమాధానం ఈ వ్యాసంలోనే ఉంది, కాని అది మూడో ప్రశ్న. కథ ఏ నేల మీద జరుగుతుందన్నది మొదటి ప్రశ్న, ఆ నేల ఎత్తులను ఎక్కడి నుంచి తెచ్చుకుంటామన్నది రెండో ప్రశ్న. ఈ రెండూ తేలకుండా సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నవారు రంగురంగుల పటాలు తయారు చేశారే గాని, నీటి అంచు దగ్గర వేసిన ఒక్క ప్రశ్నకూ నిలబడలేకపోయారు.

## దేన్ని బట్టి పోల్చాలి

నీటి అంచు. నేల పటాలు ఎత్తులను సగటు సముద్ర మట్టం నుంచి కొలుస్తాయి. నావికుల పటాలు లోతులను అత్యల్ప పాటు నీటి మట్టానికి దగ్గరగా ఉండే మరో సున్నా నుంచి కొలుస్తాయి. ఈ రెండు సున్నాల మధ్య పడిన సన్నని పట్టీ ఏ పటంలోనూ సరిగా ఉండదు, పడవ నేలకు తగిలేది మాత్రం సరిగ్గా అక్కడే. మన ప్రాంతపు పాఠకులకు ఇది శిఖం భూమిని తలచుకుంటే వెంటనే అర్థమవుతుంది. చెరువు నిండినప్పుడు మునిగి, ఎండాకాలంలో దున్నుకోవడానికి తేలే ఆ భూమిని చెరువు అనాలా, పొలం అనాలా అంటే నెలను బట్టి చెప్పాలి. సముద్రం దగ్గర అదే మార్పు రోజుకు ఒకటి రెండు సార్లు జరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఆంధ్ర తీరంలో పెద్ద పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది కాబట్టి, రెండు సున్నాల మధ్య తేడా ముప్పావు మీటరు దాకా రావచ్చు. ప్రతి 50 మీటర్లకు 1 మీటరు చొప్పున వాలే ఒడ్డున ముప్పావు మీటరు పొరపాటు పడితే నీటి గీత 37 మీటర్లు పక్కకు జరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 36 మంది సైనికులను మోసిన చిన్న దింపుడు పడవకు వెనుక భాగంలో 0.9 మీటరు నీరు కావలసి వచ్చేది. అంటే మన పొరపాటు, పడవకు కావలసిన లోతు దాదాపు సమానం అన్నమాట.

సమయం. కొరియాలోని ఇంచాన్‌లో 1950 సెప్టెంబరు 15న జరిగిన ల్యాండింగ్‌ను నడిపింది పోటు వేళలే. అక్కడ పోటుపాట్ల తేడా 9 మీటర్ల పైమాటే. పాటు సమయంలో ఒడ్డంతా బురద మైదానం అవుతుంది. అందుకే వోల్మి దీవి మీద ఉదయపు పోటుకు దిగిన సేనకు, ప్రధాన బలం సాయంత్రపు పోటుకు వచ్చి చేరవలసి వచ్చింది. నార్మండీలో 1944 జూన్ 6న అమెరికన్ సేనలు ఉదయం 6:30కు దిగితే, బ్రిటిష్ సేనలు దాదాపు గంట తరువాత దిగాయి, ఎందుకంటే పోటు పడమటి నుంచి తూర్పుకు సాగుతూ వారి ఒడ్లకు ఆలస్యంగా చేరింది. కనుక మీరు ఎంచుకునే పద్ధతిలో ఒకే ఒడ్డును రెండు మూడు నీటి మట్టాల దగ్గర చూసే వీలు ఉండాలి.

ఒడ్డు దాటిన తరువాతి నేల. నార్మండీలోని ఒమాహా ఒడ్డుకు వెనుక 30 మీటర్లకు మించిన గట్టు ఉండగా, వాహనాలు ఎక్కగల లోయలు ఐదే ఉన్నాయి, పోరాటమంతా వాటి చుట్టూనే సాగింది. మన నేలలో ఇదే ప్రశ్నకు వేరే రూపం ఉంది. చెల్క నేలలో వాన వెలిసిన కొన్ని గంటలకే బండి నడుస్తుంది, రేగడిలో రెండు రోజులైనా చక్రం కదలదు, నాట్లకు సిద్ధం చేసిన కరిగెటలో మనిషే కష్టంగా నడుస్తాడు.

చూపు, మార్చి చూసే వీలు. ఎదుటివాడు ఏ గుట్ట మీద నుంచి ఎంత దూరం చూడగలడో తేలాలి. ఒక అంచనాను మార్చినప్పుడు మొత్తం పనిని మళ్లీ మొదటి నుంచి చేయనవసరం లేకుండా కొత్త ఫలితం రావాలి. డబ్బు, కంప్యూటరు శక్తి, నేర్చుకునే కాలం వీటి తరువాతే లెక్కకు వస్తాయి.

## మొదటి ఎంపిక: కథకు ఏ నేల

### నిజమైన తీరాన్ని తీసుకోవడం

కాకినాడ వైపు గాని, మచిలీపట్నం వైపు గాని ఒక తీరపు ముక్కను తీసుకుని పేరు మార్చడం చాలామందికి ముందుగా తట్టే దారి. పోటుపాట్లు, ఇసుక తిన్నెలు, అలల దిశ అన్నీ ప్రకృతి చేసినవే కాబట్టి పటానికి నమ్మదగిన రూపం వస్తుంది. అయితే పైన చెప్పిన, రెండు సున్నాలు కలవని అతుకు సమస్య పూర్తిగా మన నెత్తిన పడుతుంది. ఉచితంగా దొరికే ప్రపంచ సముద్రపు లోతుల సమాచారం, అంటే గెబ్కో, 15 సెకన్ల (కోణపు కొలత) గడులతో ఉంటుంది, ఒక్కో గడి సుమారు 450 మీటర్లు. ఒడ్డు వెడల్పు 60 మీటర్లు అయితే అది ఆ గడిలో కనబడనే కనబడదు. కోరింగ వంటి మడ అడవుల దగ్గర మరో చిక్కు ఉంది. ఉపగ్రహపు ఎత్తుల నమూనా, అంటే గడి గడికీ ఒక ఎత్తు అంకె ఇచ్చే పటం, చెట్ల తలలను నేలగా చూపి, బురద ఉన్న చోట గట్టు ఉన్నట్టు నమ్మిస్తుంది.

ఈ దారిని ఎంచుకునేవారికి ఒక విన్నపం. దేశంలో పటాల మీద ఉన్న పాత నిబంధనలను 2021 ఫిబ్రవరి 15న వెలువడిన మార్గదర్శకాలు చాలా వరకు సడలించాయి, కాని రక్షణ స్థావరాల చుట్టుపక్కల కథలు అల్లవలసిన అవసరం మనకు లేదు. అవి లేని తీరాన్ని ఎంచుకుని, ఊళ్ల పేర్లు మార్చి, పటం మీద 'కల్పితం' అని స్పష్టంగా రాయండి.

### మన జిల్లానే ముంచడం

నేను తరగతిలో ఎక్కువగా చేయించేది ఇదే. వరంగల్ పరిసరాల ఎత్తుల నమూనాను తీసుకుని, ఒక మట్టాన్ని సముద్రంగా ప్రకటిస్తాం. ఉదాహరణకు 280 మీటర్లు. దానికి దిగువన ఉన్నదంతా నీరు, పైన ఉన్నదంతా నేల. మన ప్రాంతం మొత్తం మీద పడమటి నుంచి తూర్పుకు వాలుతుంది కాబట్టి జనగామ వైపు ప్రధాన భూభాగం, తూర్పున సముద్రం ఏర్పడతాయి, మధ్యలో గుట్టలు దీవులుగానో ముక్కుల్లానో మిగులుతాయి. పద్మాక్షి గుట్ట, మెట్టు గుట్ట ఎరిగిన పిల్లలకు పటం చూడగానే ఆసక్తి కలుగుతుంది.

దీని వల్ల కలిగే అసలు లాభం ఆసక్తి కంటే పెద్దది. సముద్రపు అడుగు, ఒడ్డు, లోపలి నేల మూడూ ఒకే కొలత నుంచి, ఒకే సున్నా నుంచి వస్తాయి. అతుకే లేదు. 280 లోంచి ఆ గడి ఎత్తును తీసివేస్తే నీటి లోతు వస్తుంది. పోటు కావాలంటే 282 అంటాం, పాటు కావాలంటే 279 అంటాం. పైగా మన 'సముద్రపు అడుగు' మీద మనం నడిచి చూడవచ్చు. నార్మండీ ఇసుక వాహనాల బరువును ఆపుతుందో లేదో తెలుసుకోవడానికి ఇద్దరు బ్రిటిష్ సైనికులు 1943 డిసెంబరు 31 రాత్రి ఈదుకుంటూ వెళ్లి మట్టి నమూనాలు తేవలసి వచ్చింది. మన విద్యార్థులు ఆదివారం ఉదయం బస్సెక్కి వెళ్లి చేత్తో మట్టి పిసికి చూసి రాగలరు.

లోపాలూ ఉన్నాయి. అలలు మలచిన ఒడ్డు ఇక్కడ ఉండదు. తీరరేఖ వరి మడుల మీదుగా, రోడ్ల మీదుగా, కాలనీల మీదుగా పోతుంది. చెరువుల నీటి కింద ఏముందో ఉపగ్రహ నమూనాకు తెలియదు కాబట్టి సముద్రపు అడుగున అక్కడక్కడ బల్లపరుపు అచ్చులు మిగులుతాయి. చెరువు కట్టలు మాత్రం నీటి కింద దాగిన అడ్డుగట్లుగా పనికివస్తాయి, వాటిని నేను తీసివేయనివ్వను.

### చేత్తో గీసిన దీవి

పూర్తిగా ఊహించిన దీవికి సమోన్నత రేఖలు గీసి, స్కాన్ చేసి, ఎత్తుల నమూనాగా మార్చడం మూడో దారి. కథకు కావలసిన చోట కావలసిన కొండ పెట్టుకోవచ్చు. వాగులు ఎత్తైన గట్లను దాటుకుని పారడం, నది సముద్రంలో కలిసే చోట కొండ ఉండడం వంటి తప్పులు మాత్రం ఇందులోనే ఎక్కువగా దొర్లుతాయి. భూరూపాల పాఠం బాగా వచ్చినవారే దీనికి పూనుకోవాలి.

| కొలమానం | నిజమైన తీరం | ముంచిన జిల్లా | గీసిన దీవి |
|---|---|---|---|
| నీటి అంచు అతుకు | పెద్ద సమస్య | సమస్య లేదు | సమస్య లేదు |
| పోటుపాట్లు | నిజమైనవి దొరుకుతాయి | మనమే నిర్ణయించాలి | మనమే నిర్ణయించాలి |
| ఒడ్డు సహజత్వం | బాగుంటుంది | తక్కువ | గీసేవారి నేర్పును బట్టి |
| నేలపై సరిచూడడం | దూర ప్రయాణం | ఒక పూటలో అవుతుంది | వీలుకాదు |
| ఎక్కువగా నప్పేది | పరిశోధన విద్యార్థికి | తరగతికి, క్యాడెట్లకు | ఆటల రూపకర్తకు |

## రెండో ఎంపిక: ఎత్తులు ఎక్కడి నుంచి

ఉచితంగా దొరికేవాటిలో మూడింటిని పోల్చితే సరిపోతుంది. మొదటిది, 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల ప్రయాణంలో రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం. రెండోది, జర్మన్ జంట ఉపగ్రహాల రాడార్ కొలతల నుంచి తయారైన కోపర్నికస్ 30 మీటర్ల నమూనా. మూడోది, ఇస్రో కార్టోశాట్ చిత్రాల నుంచి తయారై, ఆ సంస్థ పటాల వెబ్‌సైట్ భువన్‌లో దొరికే కార్టోడెమ్.

ఎస్ఆర్‌టీఎం ఎత్తులు పూర్ణాంకాల్లో ఉంటాయి. 30 మీటర్ల గడి పక్కన 30 మీటర్ల గడి ఉన్నప్పుడు వాటి మధ్య తేడా సున్నా అయినా కావాలి, 1 మీటరు అయినా కావాలి. 30 మీటర్లకు 1 మీటరు అంటే దాదాపు 1.9 డిగ్రీల వాలు. ఇసుక ఒడ్లలో చాలా వాటి వాలు అంతకంటే తక్కువే. ఒడ్డును తూచడానికి ఈ తక్కెడ రాళ్లు మరీ పెద్దవి. గుట్టలు, లోయలు, కనుచూపు లెక్కకు ఇది చాలు, నీటి అంచుకు చాలదు. కోపర్నికస్‌లో ఎత్తులు దశాంశాలతో ఉంటాయి కాబట్టి పోటును అర మీటరు చొప్పున మార్చి చూడవచ్చు. తరగతికి నా ఎంపిక ఇదే. ఇది చెట్లను, ఇళ్లను కలుపుకుని పై ఉపరితలాన్నే చూపుతుందని గుర్తుంచుకోవాలి. కాజీపేట కాలనీల మీద తీరరేఖ పడితే రంపపు పళ్లలా కనబడటానికి కారణం అదే. అడవులను, కట్టడాలను తీసివేసి కోపర్నికస్ నుంచి తయారు చేసిన ఫ్యాబ్‌డెమ్ అనే రూపం కూడా ఉంది, కాని దాని అనుమతి వ్యాపారేతర వాడకానికే. అమ్మకానికి ఆట తయారు చేసేవారు దాన్ని తాకకపోవడం మంచిది.

కార్టోడెమ్ విషయంలో నేను చేసిన పొరపాటును ఇక్కడ చెప్పాలి. ఒక సంవత్సరం పటంలో సగం ఎస్ఆర్‌టీఎం, సగం కార్టోడెమ్ అతికించి విద్యార్థులకు ఇచ్చాను. అతుకు వెంబడి 70 మీటర్లకు పైబడిన నిట్టనిలువు గట్టు ఒకటి పుట్టుకొచ్చింది, రెండు బృందాలు దాన్ని నిజమైన కొండచరియ అనుకుని దాని చాటున సేనను దాచాయి. అందులో సమాచారం తప్పేమీ లేదు, నేను వివరణ పత్రం చదవలేదు, అంతే. కార్టోడెమ్ ఎత్తులను భూమి గణిత రూపమైన దీర్ఘవృత్తాభం నుంచి కొలుస్తుంది, ఎస్ఆర్‌టీఎం సముద్ర మట్టానికి దగ్గరి ఉపరితలం నుంచి కొలుస్తుంది. మన ప్రాంతంలో ఈ రెండు ఉపరితలాల మధ్య దూరం 70 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అందుకే సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉన్న వరంగల్ అందులో 200 మీటర్లకు అటూ ఇటూగా కనబడుతుంది. ఏదో ఒకటే వాడండి. కలపక తప్పకపోతే ఈ తేడాను ముందే సరిచేయండి.

## మూడో ఎంపిక: ఏ సాధనం

### టోపోషీట్, ట్రేసింగ్ కాగితం

టోపోషీట్ అంటే ఎత్తులు, వాగులు, దారులు చూపే ముద్రిత పటం. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో 2 సెంటీమీటర్లు 1 కిలోమీటరుకు సమానం. అర మిల్లీమీటరు మందం ఉన్న పెన్సిల్ గీత నేల మీద 25 మీటర్లు. సమోన్నత రేఖలు సాధారణంగా 20 మీటర్లకు ఒకటి కాబట్టి సముద్రపు ఒడ్డు వాలు వాటిలో అసలు పట్టుబడదు. ముంచిన జిల్లాకు మాత్రం 280 మీటర్ల రేఖ పటం మీద సిద్ధంగా ఉంటుంది, దాని మీద నీలి పెన్సిల్ దిద్దితే తీరరేఖ తయారైనట్టే. వాలుకు ఒకటి, దారులకు ఒకటి, వాగులకు ఒకటి చొప్పున ట్రేసింగ్ కాగితాలు గీసి కిటికీ అద్దం మీద పేర్చితే, పొరలను కలిపి చూడడం అంటే ఏమిటో జీవితాంతం మరచిపోరు. చుట్టూ చేరి చూసే ముప్పై మంది పిల్లలకు కరెంటు అక్కరలేదు. అంచనా మారితే మళ్లీ గీయవలసి రావడం దీని బలహీనత. మరో చిన్న విషయం: 18 డిగ్రీల అక్షాంశం మన నగరం మీదుగానే పోతుంది కాబట్టి పాత సంఖ్యల పద్ధతిలో కోట వైపు 56 ఓ లో, వేయిస్తంభాల గుడి వైపు 56 ఎన్ లో పడతాయి. రెండు షీట్లూ తెచ్చుకోండి.

### గూగుల్ ఎర్త్, భువన్

2015 నుంచి ఉచితంగా దొరుకుతున్న గూగుల్ ఎర్త్ ప్రోలో రెండు సదుపాయాలు మనకు విలువైనవి. ఒకటి, పాత తేదీల చిత్రాలు. ఒకే చెరువును వేసవిలోనూ వానాకాలం ముగిశాకా పక్కపక్కన చూస్తే నీటి అంచు ఎంత దూరం కదులుతుందో కంటికి తెలుస్తుంది. రెండు, గీసిన దారి వెంట ఎత్తుల కోత. ఒడ్డు నుంచి గుట్ట దాకా ఒక గీత గీస్తే ఎక్కుదిగుడులు కింద కనబడతాయి. 30 మీటర్ల నమూనాలో స్పష్టంగా నిలవని మట్టికోట గోడ ఇందులో వలయంలా కనబడుతుంది. భువన్‌లో భూవినియోగ పొరలు చూసి ఏది పంట భూమి, ఏది బీడు, ఏది అడవి అని గుర్తించవచ్చు. చూడడానికి ఇవి ఉత్తమం. తూకం వేయడానికి కావు, మూడు ఒడ్లలో ఏది ఎందుకు మేలో లెక్కతో చెప్పలేవు.

### క్యూజీఐఎస్

2002లో మొదలై, ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకోగలిగే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌నే చాలామందికి సూచిస్తాను. మామూలు ల్యాప్‌టాప్‌లో ఒక జిల్లా పని ఇబ్బంది లేకుండా సాగుతుంది. చేయవలసిన పనుల వరుస ఇలా ఉంటుంది.

ముందుగా ఎత్తుల నమూనాను, దూరాలను మీటర్లలో చూపే యూటీఎం పద్ధతిలో మన ప్రాంతపు 44 ఉత్తర మండలంలోకి (సాఫ్ట్‌వేర్‌లో దాని సంకేతం ఈపీఎస్‌జీ 32644) మార్చాలి. ఈ మెట్టు దాటవేసి వాలు లెక్కిస్తే, అడ్డం దూరం డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో ఉండి, బల్లపరుపు పొలం కూడా నిలువు గోడలా వస్తుంది. ప్రతి ఏడాదీ ఒక బృందమైనా ఈ గోతిలో పడుతుంది. తరువాత గడుల మీద లెక్కలు చేసే రాస్టర్ కాలిక్యులేటర్‌లో నీటి లోతు పొర, ఆపై వాలు పొర తయారు చేయాలి. అందరూ కలిసి తయారు చేసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు, వంతెనలు తెచ్చుకోవాలి. నేల రకాన్ని బట్టి ప్రతి గడికి నడక ఖర్చు ఇచ్చి, క్యూజీఐఎస్ లోంచే వాడుకోగల గ్రాస్ అనే పరికరాలతో ఒడ్డు నుంచి లక్ష్యానికి అతి తక్కువ ఖర్చుతో పోయే దారి కనుక్కోవాలి. చివరికి కనుచూపు విశ్లేషణ. ఇక్కడ ఒక సూత్రం చేతిలో ఉంటే కంప్యూటరు ఇచ్చిన జవాబును సరిచూసుకోవచ్చు: ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో హెచ్చిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుంది. ఒడ్డున నిలబడి 1.7 మీటర్ల ఎత్తు నుంచి చూసేవాడికి అది 4.7 కిలోమీటర్లు, నీటి మట్టానికి 50 మీటర్ల పైన గుట్ట మీద కూర్చున్నవాడికి 25 కిలోమీటర్లు. ఒక్క గుట్ట మీది కాపలాదారుడు తెల్లవారేసరికి ఓడలన్నిటినీ చూసేస్తాడని ఈ లెక్కతో తెలిసినప్పుడు, విద్యార్థులు దింపే వేళను తామే రాత్రికి మార్చుకుంటారు.

నేర్చుకోవడానికి రోజూ రెండు గంటల చొప్పున రెండు మూడు వారాలు పడుతుంది. ఆ కష్టం తప్పదు.

### డబ్బు పెట్టి కొనేది

ఆర్క్‌జీఐఎస్ చక్కని సాధనం, సంస్థల్లో ఉద్యోగాలకు ఆ అనుభవం పనికివస్తుంది. మీ కళాశాల ప్రయోగశాలలో అనుమతి ఉంటే వాడండి. ఈ ఒక్క అభ్యాసం కోసం సొంత డబ్బుతో కొనవలసిన పని లేదు, ఇందులో మనకు కావలసిన ప్రతి లెక్కా క్యూజీఐఎస్‌లో ఉంది.

## లెక్క పద్ధతి: జల్లెడ ముందు, తక్కెడ తరువాత

సాధనం ఏదైనా, ఒడ్లను పోల్చడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒకటి జల్లెడ: వాలు ఇంతకు మించితే వద్దు, లోతు ఇంతకు తగ్గితే వద్దు అని గీత గీసి, నిలిచినవాటినే ఉంచుకోవడం. రెండోది తక్కెడ: ప్రతి లక్షణానికి మార్కులు, ప్రతి మార్కుకు బరువు ఇచ్చి కూడడం. విద్యార్థులకు తక్కెడ మీద మోజు ఎక్కువ, ఎందుకంటే ఫలితం ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా అందంగా వస్తుంది.

తక్కెడను ఒంటరిగా నమ్మితే ఏమవుతుందో పసిఫిక్ సముద్రంలోని తరావా చెబుతుంది. 1943 నవంబరు 20న బేషియో దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ మీద సుమారు ఐదు అడుగుల నీరు ఉంటుందని ఆశించారు, పడవలకు నాలుగు అడుగులు కావాలి. ఆ రోజు నీరు అంత లేచి రాలేదు. దిబ్బ మీదుగా పాకి వెళ్లగల గొలుసు చక్రాల వాహనాలు ఒడ్డు చేరాయి, మిగతా పడవలు దిబ్బ అంచునే ఆగిపోయి, సైనికులు కాల్పుల మధ్య వందల మీటర్లు నీటిలో నడవవలసి వచ్చింది. లోతు అనే అంశానికి 20 శాతం బరువు ఇచ్చి మిగతా 80లో మంచి మార్కులు వచ్చాయి కదా అంటే ఆ నడక తప్పేది కాదు. చాలని లోతును మరే మంచి గుణమూ పూడ్చలేదు. అటువంటివి జల్లెడలోకే పోవాలి.

కాబట్టి ముందు జల్లెడ పట్టండి: పాటు మట్టం దగ్గర పడవకు చాలినంత లోతు, ఒడ్డు నుంచి బయటికి కనీసం ఒక దారి, దింపడానికి పట్టే కాలమంతా నిలిచే నీరు. ఈ మూడింట్లో ఏది తప్పినా ఆ ఒడ్డును పక్కన పెట్టండి. నిలిచినవాటిని మాత్రమే తక్కెడలో వేసి, వాలు, నేల రకం, దారుల సంఖ్య, ఎదుటివారి చూపు, లక్ష్యానికి దూరం తూచండి. ఆ తరువాత బరువులను పదేసి పాళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ కూడండి. ప్రతిసారీ అదే ఒడ్డు మొదటి స్థానంలో ఉంటే ఎంపిక గట్టిది. బరువు కదిలినప్పుడల్లా మొదటి స్థానం మారుతుంటే, రెండు ఒడ్లూ దాదాపు సమానమని నిజాయితీగా రాయండి. నేను మార్కులు ఎక్కువగా వేసేది ఆ వాక్యానికే.

## ఎవరికి ఏది నప్పుతుంది

నవల రాసేవారికి పూర్తి విశ్లేషణ అక్కరలేదు. మీకు కావలసింది పాత్ర కళ్లకు ఏమి కనబడుతుందన్నది. గూగుల్ ఎర్త్‌లో ఒడ్డు నుంచి ఎత్తుల కోత తీసి, ఒక టోపోషీట్ పక్కన పెట్టుకుని, ఏ క్షణంలో గుట్ట వెనుక నుంచి ఊరు బయటపడుతుందో రాసుకుంటే చాలు. కాని పోటు వేళను, చంద్రుని దశను మాత్రం ఒకదానితో ఒకటి పొసగేలా ఉంచండి. పౌర్ణమి వెన్నెల కింద అతి చిన్న పోటు రాస్తే సముద్రం ఎరిగిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు, ఎందుకంటే పౌర్ణమికి, అమావాస్యకు వచ్చేవి పెద్ద పోట్లు.

ఎన్‌సీసీ క్యాడెట్లు ముంచిన జిల్లాను కాగితం మీదే చేయాలని నా అభిప్రాయం. దిక్సూచి, షీటు, పెన్సిల్ పట్టుకుని 280 మీటర్ల రేఖ వెంట ఒక ఉదయం నడిస్తే, సమోన్నత రేఖ అంటే కాళ్లకు తెలుస్తుంది. పీజీ విద్యార్థి అయితే క్యూజీఐఎస్‌లో నిజమైన తీరంతో కుస్తీ పట్టాలి. అతుకు సమస్యను దాచకుండా, నీటి గీత ఎన్ని మీటర్లు అటూ ఇటూ కదలవచ్చో పటం మీద రెండు గీతలుగా చూపినవాడి పని నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

ఆటల రూపకర్తలు గీసిన దీవితోగాని, ముంచిన జిల్లాతోగాని మొదలుపెట్టి, క్యూజీఐఎస్‌లో ఆరు కోణాల గడుల వల పరచుకోవచ్చు. గడికి 500 మీటర్లు అనుకుంటే, ప్రతి గడి లోపలి సగటు వాలును, సగటు లోతును ఆ సాధనమే లెక్కించి ఇస్తుంది. సగటుతో పాటు ఆ గడిలోని గరిష్ఠ వాలును కూడా తీసుకోండి, ఎందుకంటే సగం బల్లపరుపుగా, సగం గట్టుగా ఉన్న గడి సగటులో మామూలు నేలగా కనబడుతుంది. ఆట ఆడేవాడి బండ్లు ఆ గట్టు దగ్గరే ఆగాలి.

జిల్లాను ముంచాలనుకునేవారు ఎవరైనా, ల్యాప్‌టాప్ తెరవడానికి ముందు రెండుసార్లు నేల చూడండి: మే నెలలో ఒకసారి, చెరువులు మత్తడి పోస్తున్నప్పుడు మరోసారి. మీరు పటం మీద దారి అని గీసిన ఒర్రె ఆ రెండు రోజుల్లో ఎలా ఉందో ఫొటో తీసి, పటం పక్కన అతికించి తీసుకురండి.